భూకంపం వచ్చి వెళ్లాక ఆ ఒత్తిడి ఎక్కడికి పోతుంది? టర్కీలో స్కూళ్లను మూయించిన లెక్క ఇదే..

ఒక పెద్ద భూకంపం వచ్చి వెళ్లిందంటే ఇక ఆ చుట్టుపక్కల భయం లేదనుకుంటాం. కానీ భూమి లోపలి లెక్క వేరు. పగిలిన చోట తగ్గిన ఒత్తిడిలో కొంత పక్క రాళ్ల మీదకు వెళ్లి కూర్చుంటుంది.

1999 ఆగస్టు 17న టర్కీలోని ఇజ్మిత్ దగ్గర 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 17 వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు లెక్కలు వేస్తే.. పగులుకు తూర్పు కొసన, అంటే డుజ్‌జే పట్టణం వైపు ఒత్తిడి పెరిగినట్లు తేలింది. ఇంజినీర్లు అదే చూపించి, అక్కడ స్వల్పంగా దెబ్బతిన్న స్కూల్ బిల్డింగులను మూసేలా అధికారులను ఒప్పించారు. పిల్లలకు వేరే చోటు లేదని స్కూళ్ల వాళ్లు మొత్తుకున్నా వెనక్కి తగ్గలేదు. నవంబర్ 12న డుజ్‌జేలో 7.2 తీవ్రతతో మరో భూకంపం.. మూసేసిన స్కూళ్లలో కొన్ని నేలమట్టమయ్యాయి!

ఇంతకీ ఈ లెక్క ఎలా వేస్తారు? ఫాల్ట్ ఎంత పొడవున పగిలింది, ఎంత లోతు దాకా, ఏ చోట ఎన్ని మీటర్లు జరిగింది.. ఈ వివరాలు సీస్మోగ్రాఫ్‌లు, జీపీఎస్ స్టేషన్లు, శాటిలైట్ రాడార్ చిత్రాల నుంచి వస్తాయి. కంప్యూటర్ మోడల్‌లో రాయిని రబ్బరులా సాగే పదార్థంగా తీసుకుంటారు. ఆ జరుగుడుకు చుట్టూ ఉన్న రాయి ఎలా వంగింది, ఎక్కడ నలిగింది అన్నది లెక్కకడతారు.

తర్వాత పక్క ఫాల్ట్ మీద రెండే రెండు చూస్తారు. బీరువా కింద ఇరుక్కున్న చాపను లాగాలంటే గట్టిగా లాగాలి, లేదంటే బీరువాను కాస్త ఎత్తాలి కదా. ఇక్కడా అంతే. జారే వైపు తోపు పెరిగిందా? అదిమి పట్టిన బిగింపు సడలిందా? ఈ రెండూ కలిపితే వచ్చేదే కూలంబ్ ఒత్తిడి. మ్యాపుల్లో ఒత్తిడి పెరిగిన చోటు సాధారణంగా ఎర్రగా, తగ్గిన చోటు నీలంగా కనిపిస్తుంది.

విచిత్రం ఏంటంటే.. ఆ పెరుగుదల చాలాసార్లు కారు టైరులో గాలి ఒత్తిడి కన్నా తక్కువే. వందల ఏళ్లుగా బిగుసుకుని, జారడానికి సిద్ధంగా ఉన్న ఫాల్ట్‌కు ఆ కాస్త చాలు.

అయితే ఎక్కడ అన్నది చెప్పగలరు కానీ, ఎప్పుడు అన్నది కష్టం. రాస్ స్టెయిన్, ఐకుట్ బర్కా, జేమ్స్ డీటరిచ్ 1997లోనే ఈ ఫాల్ట్‌ను పరిశీలించారు. 1939 నుంచి వచ్చిన 10 పెద్ద భూకంపాల్లో 9 అంతకుముందు వాటివల్ల ఒత్తిడి పెరిగిన చోటే వచ్చాయని తేల్చారు. ఇజ్మిత్ దగ్గర 30 ఏళ్లలో పెద్ద భూకంపం వచ్చే అవకాశం 12 శాతం అన్నారు. 12 శాతం అంటే ఎవరైనా తేలిగ్గా తీసుకునేదే.. రెండేళ్లకే వచ్చేసింది.

ఇజ్మిత్ భూకంపం పడమర వైపు, ఇస్తాంబుల్ దిక్కున కూడా ఒత్తిడి పెంచింది. ఆ నగరాన్ని బలంగా కుదిపే భూకంపం 30 ఏళ్లలో వచ్చే అవకాశం 62 శాతమని, 15 అటూ ఇటూ ఉండొచ్చని 2000లో లెక్కగట్టారు. ఆ గడువు 2030 దాకా ఉంది.