సంఘమునకు వెబ్‌సైటు చేయించుకొను విధము

మన ప్రాంతపు సహకార సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంఘములును తమకొక వెబ్‌సైటు కావలెనని తలచుచున్నవి. ఆ తలంపు మంచిదే. మదనపల్లె టమాటా కొనువారు పరరాష్ట్రములందు గలరు. పుంగనూరు దూడకై వెదకువారు దూరదేశములందు గలరు. కుప్పము మూడు రాష్ట్రముల పొలిమేర యగుటచే అచ్చటి సరకునకు తమిళ, కన్నడ వర్తకులును బేరగాండ్రే. వీరిలో పలువురు సరకును చూచుటకు ముందే సంఘము పేరును ఫోనులో వెదకుచున్నారు.

అయినను వెబ్‌సైటు చేయించుట ఇల్లు కట్టించుట వంటిది. మేస్త్రి యెంత నేర్పరియైనను గదులెన్ని కావలెనో యజమానియే చెప్పవలెను. స్థలము ఎవరి పేర నున్నదో ముందుగా విచారింపక కట్టిన యిల్లు ఇసుకపై కట్టిన యిల్లే యగును. కావున వెబ్‌సైటు చేయు ఏజెన్సీతో వ్యవహరించునపుడు సభ్యులు గమనింపవలసిన విషయములను ఇచ్చట వివరించెదము.

వెబ్‌సైటు అనగానేమి?

ఇందు మూడు భాగములు గలవు. మొదటిది పేరు, దీనిని డొమైన్ అందురు. ఇది శాశ్వతముగా కొనునది కాదు. గడువు తీరక మునుపే రుసుము చెల్లించి మరల నమోదు చేయించుకొనుచుండవలెను. రెండవది స్థలము, మన పుటలను నిలువయుంచు కంప్యూటరులో అద్దెకు తీసికొను చోటు. దీనిని హోస్టింగు అందురు. మూడవది ఆ స్థలమున నుంచు వ్రాతలు, బొమ్మలు, వానిని నడిపించు ప్రోగ్రాము. ఈ మూడింటికిని ఖర్చులు వేరు, హక్కులు వేరు. ఏజెన్సీవారు ముగ్గురి లెక్కను ఒక్కటిగా చెప్పినచో విడదీసి వ్రాసి యిమ్మని యడుగవలెను.

ముందుగా ప్రయోజనము నిర్ణయించుట

ఏజెన్సీని పిలుచుటకు ముందే పాలకవర్గము కూర్చుండి, ఈ వెబ్‌సైటు ఎవరి కొరకు, వారు దానిని చూచి ఏమి చేయవలెను అను రెండు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనవలెను. సంఘము చిరునామా, ఫోను నంబరు, సరకుల వివరము, ఏ నెలలలో ఏ పంట దొరకును, ఎంత సరకు ఒక్కసారి పంపగలము అనునవి యున్నచో వర్తకునకు చాలును. ఇందుకు అయిదారు పుటలు సరిపోవును.

ప్రతిదినము మారు విషయములను పెట్టుటకు ముందు బాగుగా ఆలోచింపవలెను. 2023 జూలైలో మదనపల్లెలో మేలురకము టమాటా కిలో 150 రూపాయలు దాటినది. సెప్టెంబరు నాటికి ధర కూలిపోయినది. జూలై ధర సెప్టెంబరులోను వెబ్‌సైటుపై నిలిచియుండినచో వర్తకుడు సంఘమునే శంకించును. దినదినము మార్చు గుమాస్తా లేనిచో ధరల పుట పెట్టకుండుటయే మేలు. విపణి ధరలు కేంద్ర ప్రభుత్వమువారి అగ్‌మార్క్‌నెట్‌లో ప్రకటింపబడుచునేయున్నవి. అచ్చటికి దారి చూపినచో చాలును.

బొమ్మల విషయమునను ఇట్లే. పుంగనూరు ఆవును అమ్మజూపు సంఘము తన ఆవు బొమ్మనే, దాని యెత్తును కొలిచి వ్రాసి పెట్టవలెను. ఎచ్చటినుండియో తీసికొనిన బొమ్మను పెట్టుట పరుల హక్కును హరించుటయే గాక కొనువానిని మోసగించుటయు నగును.

పేరు ఎవరిది?

అన్నింటికంటె ముఖ్యమైన మాట యిది. డొమైన్ సంఘము పేరనే నమోదు కావలెను. ఏజెన్సీ పేర నమోదైనచో, కౌలుదారుని పేర పట్టా వ్రాసినట్లే. నాలుగేండ్ల తరువాత వారితో పొసగక వేరొకరి యొద్దకు పోదలచినను, వారే వ్యాపారము మూసికొనినను, వర్తకులు ఎరిగిన పేరు మనది కాకపోవును. సంచులపైనను రసీదులపైనను అచ్చువేసిన పేరు వ్యర్థమగును. నమోదునకు ఇచ్చు ఈమెయిలును ఫోను నంబరును సంఘమువే కావలెను. కార్యదర్శి సొంత నంబరు ఇచ్చినచో ఆయన మారినపుడు ఓటీపీ ఆయనతోడనే పోవును.

డాట్ ఇన్ అను పేర్లు ఎవరికైనను దొరకును. డాట్ కోఆప్ అనునది సహకార సంస్థలకే ప్రత్యేకింపబడినది. డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనునది 2025లో రిజర్వు బ్యాంకువారు బ్యాంకుల కొరకు ఏర్పరచినది. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు తమ పేరులో బ్యాంకు అను మాట వాడరాదని బ్యాంకింగు చట్టము చెప్పుచున్నది. అలంకారము కొరకు ఏజెన్సీవారు ఆ మాట చేర్చినను ఒప్పుకొనరాదు.

కరారు

నోటిమాటతో పని ప్రారంభింపరాదు. 1957 నాటి కాపీరైటు చట్టమున కంప్యూటరు ప్రోగ్రాము కూడ గ్రంథముతో సమానముగా నెంచబడినది. జీతగాడు ఉద్యోగధర్మముగా చేసిన పనికి యజమానియే హక్కుదారు. కాని కంట్రాక్టుపై పనిచేయు ఏజెన్సీ జీతగాడు కాదు. డబ్బు మనమిచ్చినను, వ్రాతమూలకముగా సంతకముతో బదిలీ చేయనిచో హక్కు సాధారణముగా వారియొద్దనే యుండును. ఆ వ్రాతలో గడువు చెప్పనిచో అయిదేండ్లకును, ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకును మాత్రమే బదిలీ యైనట్లు 19వ సెక్షను ప్రకారము భావింపబడును. కావున గడువును ప్రదేశమును స్పష్టముగా వ్రాయింపవలెను.

సొమ్మును వాయిదాలుగా చెల్లింపవలెను. కొంత బయానాగాను, కొంత నమూనా చూచిన పిదపను, మిగిలినది పాస్‌వర్డులన్నియు మన చేతికి వచ్చి, మన గుమాస్తా తానే ఒక పుటను మార్చి చూపిన పిదపను ఇయ్యవలెను. పుటలెన్ని, భాషలెన్ని, ఏటేట మరమ్మతునకు ఎంత, ప్రతిని ఎన్నాళ్ల కొకసారి వేరుగా భద్రపరతురు అనునవియు కరారులో నుండవలెను.

తెలుగు అక్షరములు

మన అచ్చుపనివారు పెక్కుమంది అను ఫాంటులతో టైపు చేయుదురు. ఆ వ్రాతను ఉన్నదున్నట్లు వెబ్‌సైటులో నుంచినచో పాఠకుని ఫోనులో పిచ్చిగీతలుగా కనబడును. యూనికోడ్‌లో టైపు చేసినదే అన్ని ఫోనులలోను తెలుగుగా కనబడును, వెదకినపుడు దొరకును. తెలుగు వ్రాతను బొమ్మగా పెట్టుటయు తగదు. బొమ్మలోని మాట వెదకుటకు చిక్కదు. పల్లెలందు సిగ్నలు పలుచన గనుక బొమ్మలు తేలికగా నుండవలెను. నమూనాను ఏజెన్సీవారి పెద్ద కంప్యూటరుపై గాక, ఒక సభ్యుని సామాన్యమైన ఫోనులో, ఊరి పొలిమేరలో నిలిచి చూడవలెను.

సభ్యుల వివరములు

సభ్యుల ఆధారు నంబర్లు, అప్పుల పద్దులు, బ్యాంకు ఖాతాలు వెబ్‌సైటునకు ఎక్కింపరాదు, ఏజెన్సీకిని ఇయ్యరాదు. వ్యక్తుల వివరములను కాపాడుటకై 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసియున్నది. బకాయిదారుల పేర్లు ప్రకటించి సిగ్గుపరచుట సహకార ధర్మము కాదు.

కుప్పము నేర్పిన పాఠము

ఈ ప్రాంతమునకు ఇట్టి విద్య క్రొత్తది కాదు. 2002లో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీవారు రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పమున ఐ-కమ్యూనిటీ అను కార్యక్రమమును మూడేండ్ల గడువుతో ప్రారంభించిరి. ప్రజలకు సమాచార కేంద్రములు వెలసినవి. సూర్యశక్తితో నడచు కెమెరా, ప్రింటరులను కొందరు గ్రామ స్త్రీలకు అప్పగించి నేర్పగా, వారు గుర్తింపు కార్డుల ఫొటోలు తీసి సంపాదించుకొనిరి. పనిముట్టుతోపాటు దానిని వాడు విద్యయు చేతికి వచ్చుటచేతనే ఆ సంపాదన కలిగినది. బయటివారి గడువు ఎప్పటికైనను తీరును. మనవారు నేర్చిన విద్య మనయొద్ద నిలుచును.

కావున సభ్యులారా, మీ సంఘము వెబ్‌సైటు చేయింపదలచినచో సర్వసభ్య సమావేశమున మూడు ప్రశ్నలు అడుగుడు: పేరు ఎవరి పేర నున్నది? పాస్‌వర్డులు ఎవరి యొద్ద నున్నవి? వచ్చే యేడు దానిని మార్చువాడెవడు? ఈ మూడింటికిని జవాబు మినిట్స్ పుస్తకములో నెక్కిన పిదపనే బయానా చెల్లింపుడు.