మూడో తాళంచెవి

2005 జనవరి చివర్లో గ్రీసులోని వోడాఫోన్ ఇంజినీర్లకు మామూలు చిక్కొకటి ఎదురైంది. వేరే కంపెనీ ఖాతాదారులు పంపిన ఎస్సెమ్మెస్‌లు కొన్ని తమ నెట్‌వర్క్‌లో చేరాల్సిన చోటికి చేరడం లేదు. స్విచ్‌లు తయారుచేసిన ఎరిక్సన్‌కు కబురు పెట్టారు. లోపం వెతుకుతూ పోయిన ఎరిక్సన్ నిపుణులకు మార్చి మొదటివారంలో కనిపించిన సంగతి వేరు. స్విచ్‌లలో ఎవరో దాదాపు 6,500 వరుసల ప్రోగ్రామును గుట్టుగా ఎక్కించి ఉంచారు. ప్రధానమంత్రి కోస్టాస్ కరమన్లిస్, ఆయన భార్య, పలువురు మంత్రులు, ఏథెన్స్ మేయర్‌తో సహా నూరు మందికి పైగా ముఖ్యుల ఫోన్ నంబర్లు అందులో ఉన్నాయి. వాళ్లు ఎవరితో ఏం మాట్లాడినా, ఆ మాటలు అదే సమయంలో కొన్ని ప్రీపెయిడ్ ఫోన్లకు కూడా చేరుతున్నాయి. 2004 ఆగస్టులో ఏథెన్స్ ఒలింపిక్స్ జరిగిన రోజుల నుంచీ ఇదే తంతు.

చొరబాటుదారులు ఇందుకోసం కొత్త యంత్రమేదీ తేలేదు. చట్టప్రకారం అనుమతి పొందిన పోలీసులు ఫోన్లు వినడానికి వీలుగా టెలికాం స్విచ్‌లలో తయారీదారులే ఒక ఏర్పాటు పెడతారు. దానికి రెండు భాగాలుంటాయి. ఒకటి సంభాషణను కాపీ చేసి మళ్లించేది. రెండోది ఎవరి ఫోను, ఎవరి ఉత్తర్వుతో, ఎప్పటి నుంచి వింటున్నారో నిర్వహించి నమోదు చేసేది. వోడాఫోన్ గ్రీసు ఈ రెండో భాగాన్ని అప్పటికి కొననే లేదు. మొదటిది మాత్రం 2003 నాటి అప్‌గ్రేడ్‌తో పాటు స్విచ్‌లలోకి వచ్చి కూర్చుంది. వినే చెవి ఉంది, రాసిపెట్టే చిట్టా లేదు. దొంగ ప్రోగ్రాం ఆ చెవినే వాడుకుంది.

వోడాఫోన్ ఆ ప్రోగ్రామును వెంటనే తీసేయించింది. దాంతో ఆధారాలు చాలావరకు చెరిగిపోయాయి. మరుసటి రోజే ఆ సంస్థ నెట్‌వర్క్ ప్రణాళికా విభాగం అధికారి ఒకరు తన ఇంట్లో శవమై కనిపించారు. 2006లో గ్రీసు సమాచార గోప్యతా సంస్థ వోడాఫోన్‌కు 7.6 కోట్ల యూరోల జరిమానా వేసింది.

డిజిటల్ నిఘాపై చర్చ వచ్చినప్పుడల్లా దేశభద్రత ఒక పక్క, వ్యక్తి గోప్యత మరో పక్క ఉన్నట్టు, ఒకటి కావాలంటే రెండోది కొంత వదులుకోక తప్పదన్నట్టు మాట్లాడటం అలవాటైపోయింది. ఏథెన్స్ ఉదంతంలో గోప్యత పోయినవాళ్లు ఆ దేశ భద్రతను చూసుకోవాల్సిన వాళ్లే. నిఘా కోసం చేసిన ఏర్పాటే భద్రతకు చిల్లు పెట్టింది. ఇది ఒక కంపెనీ అజాగ్రత్తతో ముగిసే కథ కాదు. దీని మూలం నేటి సంకేత రహస్య శాస్త్రం పనిచేసే తీరులోనే ఉంది.

విజయవాడలో అక్క, డల్లాస్‌లో తమ్ముడు ఫోనులో కబుర్లు పంపుకుంటున్నారనుకుందాం. దారిలో ఎవరూ చదవకూడదంటే ఇద్దరికీ ఒకే రహస్య సంఖ్య, అంటే తాళంచెవి, తెలియాలి. దాన్ని పంపాలన్నా ఆ దారినే పంపాలి కదా! శతాబ్దాలుగా వేధించిన ఈ ముడిని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ విప్పారు. చిన్న సంఖ్యలతో దాన్ని ఇంట్లోనే చేసి చూడవచ్చు. 5, 23 అనే రెండు సంఖ్యలు లోకానికంతా తెలుసు. అక్క మనసులో 7 అనుకుంది. ఏడు 5లను గుణిస్తే 78,125. దాన్ని 23తో భాగిస్తే శేషం 17. తమ్ముడు 3 అనుకున్నాడు. మూడు 5లను గుణిస్తే 125, శేషం 10. అక్క 17ను, తమ్ముడు 10ని బాహాటంగానే పంపుకుంటారు. ఇప్పుడు అక్క తనకు వచ్చిన 10ని ఏడుసార్లు గుణించి 23తో భాగిస్తే శేషం 14. తమ్ముడు తనకు వచ్చిన 17ను మూడుసార్లు గుణిస్తే 4,913. శేషం మళ్లీ 14! ఇద్దరికీ ఒకే తాళంచెవి దొరికింది. అది మాత్రం తీగ మీద ఎక్కడా ప్రయాణించలేదు.

చాటున ఉండి వినేవాడికి 5, 23, 17, 10 అన్నీ తెలుసు. అయినా 14 రాబట్టాలంటే 7నో 3నో కనుక్కోవాలి. సంఖ్యలు ఇంత చిన్నవైతే నిమిషం పని. వాట్సాప్, సిగ్నల్ వాడే పద్ధతి ఇదే ఊహకు మరో గణిత రూపం. అందులో సంఖ్యలు 77 అంకెల పొడవు వరకూ ఉంటాయి. ఇప్పుడున్న కంప్యూటర్లన్నీ కలిసి పనిచేసినా వాటిని ఛేదించలేవు. తాళంచెవి కూడా సందేశం సందేశానికీ మారిపోతుంది. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ సందేశాలన్నింటికీ ఈ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది. మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర తాళంచెవి ఉండదు. కోర్టు అడిగినా సందేశంలో ఏముందో అది చెప్పలేదు.

సరిగ్గా ఇక్కడే ప్రభుత్వాలకు ఇబ్బంది. ఇద్దరి దగ్గరున్న తాళంచెవికి తోడు మూడోది ఒకటి చేసి, దాన్ని చట్టం చేతిలో పెడితే పోలేదా అన్నది వాటి ప్రశ్న. అమెరికా ఆ ప్రయత్నం చేసి చూసింది. 1993లో క్లింటన్ ప్రభుత్వం క్లిప్పర్ చిప్‌ను ప్రకటించింది. ఫోన్ మాటల్ని ఆ చిప్ రహస్యంగా మారుస్తుంది. దాన్ని విప్పే తాళంచెవిని రెండు ముక్కలు చేసి రెండు ప్రభుత్వ సంస్థలు దాచుకుంటాయి. మరుసటి ఏడాదే బెల్ ల్యాబ్స్‌కు చెందిన మ్యాట్ బ్లేజ్ అందులో లొసుగు బయటపెట్టారు. పోలీసులకు దారి చూపే సమాచారం అసలుదా నకిలీదా అని చిప్ సరిచూసుకునే సంఖ్య 16 బిట్లే. అంటే 65,536 అవకాశాలు. కంప్యూటర్‌తో వరుసగా ప్రయత్నిస్తే నకిలీని నమ్మించడం గంటలోపు పని. మాటలు రహస్యంగానే సాగుతాయి, పోలీసులకు మాత్రం దారి మూసుకుపోతుంది. కొద్ది ఏళ్లలోనే ఆ పథకం మూలన పడింది.

2015 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఉగ్రదాడి జరిగి 14 మంది చనిపోయారు. దుండగుడు వాడిన ఐఫోన్ ఎఫ్‌బీఐ చేతికి చిక్కినా అది తెరుచుకోలేదు. తప్పుడు పాస్‌కోడ్‌లు కొట్టినా ఫోనులోని సమాచారం చెరిగిపోకుండా ప్రత్యేక సాఫ్ట్‌వేర్ రాసివ్వాలని 2016 ఫిబ్రవరిలో కోర్టు ఆపిల్‌ను ఆదేశించింది. అలాంటిది ఒకసారి తయారైతే ఆ ఒక్క ఫోనుతో ఆగదంటూ ఆపిల్ ఎదురుతిరిగింది. మార్చి 28న ఎఫ్‌బీఐ తనంతట తానే వెనక్కి తగ్గింది. బయటివాళ్ల సాయంతో ఆ ఫోను తెరుచుకుంది. అందరి ఫోన్లనూ బలహీనపరచకుండానే దర్యాప్తుకు కావలసిన ఒక్క ఫోను తెరవగలిగారన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం.

ఆ తర్వాత ఎనిమిదేళ్లకు పరిస్థితి తలకిందులైంది. చైనా ప్రభుత్వంతో సంబంధమున్న హ్యాకర్లు వెరిజాన్, ఏటీ అండ్ టీ వంటి సంస్థల నెట్‌వర్క్‌లలోకి చొరబడ్డారని 2024లో బయటపడింది. సాల్ట్ టైఫూన్ అన్నది ఆ బృందానికి పెట్టిన పేరు. కోర్టు ఉత్తర్వులతో ఫోన్లు వినడానికి 1994 నాటి చట్టం ప్రకారం టెలికాం సంస్థలు చేసిన ఏర్పాట్లను కూడా వాళ్లు చేరుకున్నారు. ఏథెన్స్‌లో జరిగిందే, అంతకు ఎన్నో రెట్ల పెద్ద దేశంలో. ఆ డిసెంబరులో అమెరికా సైబర్ భద్రతాధికారులు, వాళ్లతో పాటు ఎఫ్‌బీఐ అధికారులు జనానికి ఇచ్చిన సలహా ఒకటే: ఎన్‌క్రిప్షన్ ఉన్న యాప్‌లు వాడండి.

అలాగని పోలీసుల అవసరాన్ని కొట్టిపారేయలేం. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో వాట్సాప్ పుకార్లు చెలరేగాయి. వాటిని నమ్మి మూకలు దారిన పోయేవాళ్లను కొట్టి చంపాయి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలకు ఇలాంటి ఘటనలే నేపథ్యం. 50 లక్షలకు పైగా వాడకందార్లున్న సందేశ సేవలు, అడిగినప్పుడు ఒక సందేశాన్ని మొదట పంపిందెవరో చెప్పగలగాలని అవి కోరుతున్నాయి. సందేశంలో ఏముందో అక్కర్లేదు, మొదలుపెట్టిందెవరో చెప్తే చాలంటోంది ప్రభుత్వం. వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

చిన్న కోరికలాగే కనిపిస్తుంది. కానీ ఏ సందేశం గురించి రేపు అడుగుతారో ఇవాళ తెలియదు. కాబట్టి కోట్లాది మంది రోజూ పంపే ప్రతి సందేశానికీ ఒక వేలిముద్ర లాంటి సంఖ్య తీసి, అది ఎవరిదో రాసి దాచుకోవాలి. ఒకరిని పట్టుకోవడానికి అందరి పద్దూ రాయాలన్నమాట. పోనీ నేరస్థుడు దొరుకుతాడా అంటే అదీ అనుమానమే. సందేశంలో ఒక చుక్క ఎక్కువ పెట్టినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఫేస్‌బుక్‌లో చూసిన అబద్ధాన్ని కాపీ చేసి చెల్లెలికి హెచ్చరికగా పంపిన అమాయకుడు లెక్క ప్రకారం ‘మొదటి పంపకందారు’ అవుతాడు.

అదే 2018లో పనికొచ్చినవి వేరే ఉన్నాయి. గద్వాల ప్రాంతంలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను కేటాయించారు. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం తలుపులేసుకుని ఇళ్లల్లో ఉంటున్నారని ముందుగా పసిగట్టింది వాళ్లే. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో వాళ్లూ చేరారు. డప్పు కొట్టించారు, పుకార్లను ఎండగట్టే పాటలు పాడించారు. దాదాపు 400 గ్రామాలున్న ఆ పరిధిలో ప్రాణనష్టం జరగలేదు. జూలైలో వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. ఈ రెండింటికీ ఎవరి ఉత్తరమూ విప్పి చదవాల్సిన పని పడలేదు.

పైగా ఎన్‌క్రిప్షన్ వల్ల పోలీసులు గుడ్డివాళ్లయిపోరు. ఎవరు ఎవరికి ఏ వేళ ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, ఫోను ఏ టవర్ పరిధిలో ఉంది వంటి మెటాడేటా తాళం పడని సమాచారం. ఒక మనిషి రాత్రి పదకొండుకు క్యాన్సర్ ఆస్పత్రికి, ఆ వెంటనే అన్నకు, పొద్దున్నే బీమా కంపెనీకి ఫోన్ చేశాడంటే ఏం మాట్లాడాడో విననక్కర్లేదు. ఇది ఇంత పదునైనది కాబట్టే దీనికీ హద్దు కావాలి. అమెరికన్ల ఫోన్ రికార్డులన్నీ గంపగుత్తగా సేకరిస్తున్నారని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టారు. ఆ పథకాన్ని పరిశీలించిన ప్రభుత్వ పర్యవేక్షణ మండలి, ఉగ్రవాద దర్యాప్తులో అది నిర్ణాయకంగా పనికొచ్చిన సందర్భం ఒక్కటీ కనబడలేదని 2014 జనవరిలో తేల్చింది. అనుమానితుడి మీద గురిపెట్టిన నిఘాకూ, అందరి మీదా వల వేసే నిఘాకూ ఉన్న తేడా ఇదే.

మన దేశంలో ఈ తేడాకు రాజ్యాంగ బలం ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి తగినంత మేరకే జోక్యం ఉండాలి. ఆచరణ సంగతి వేరు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద ఫోన్ ట్యాపింగ్‌కు అనుమతి ఇస్తూ వచ్చింది న్యాయమూర్తి కాదు, హోంశాఖ కార్యదర్శి. రెండు నెలలకోసారి ఉన్నతాధికారుల కమిటీ ఆ ఉత్తర్వుల్ని సమీక్షించాలి. ఒక్కో సమావేశంలో ఆ కమిటీ ముందుకు 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు వస్తున్నాయని జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 నివేదిక రాసింది. ఎనిమిది గంటలు ఆగకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకు రెండు సెకన్లైనా దక్కవు.

చిట్టా ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న తెలుగు నేల మీదకే వచ్చింది. తెలంగాణలో అంతకుముందున్న ప్రభుత్వ కాలంలో, పోలీసు నిఘా విభాగమైన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరోలో రాజకీయ నాయకులు, వ్యాపారులు, మరికొందరి ఫోన్లు అక్రమంగా విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని 2024 మార్చిలో హైదరాబాద్ పోలీసులు కేసు పెట్టారు. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానం. కానీ ఉత్తర్వులూ రికార్డులూ వినే విభాగం గదిలోనే ఉంటే, ఏ ప్రభుత్వం ఉన్నా ఇలాంటి ఆరోపణను రుజువు చేయడమూ కష్టమే, తోసిపుచ్చడమూ కష్టమే.

2023 టెలికాం చట్టం కింద 2024 డిసెంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో కూడా ఉత్తర్వు ఇచ్చేదీ, సమీక్షించేదీ కార్యదర్శులే. అమెరికాలో నేర దర్యాప్తు కోసం ఫోను వినాలంటే జడ్జి సంతకం కావాలి. ఎన్ని ఉత్తర్వులిచ్చారో, ఎన్నిసార్లు ఎన్‌క్రిప్షన్ అడ్డొచ్చిందో కోర్టుల యంత్రాంగం ఏటా నివేదిక ప్రచురిస్తుంది. జర్మనీలో నిఘా ముగిశాక, దర్యాప్తుకు భంగం లేదనుకుంటే, ఆ సంగతి సదరు వ్యక్తికే తెలియజేయాలి. మన చట్టసభల సభ్యుల్ని ఈ మూడూ అడగాలి: న్యాయమూర్తి సంతకం, ఏటా లెక్కలు, ముగిశాక కబురు. వీటిలో ఏదీ దర్యాప్తు చేసే పోలీసు చేతులు కట్టేసేది కాదు. వీటితో పాటు వినే విభాగం చెరపలేని చోట ఒక చిట్టా ఉండాలి. ఏథెన్స్‌లో లేనిది అదే.