కుళాయి వెనుక నది

మోటారు వేసి మరచినందువల్ల మేడమీది ట్యాంకు నిండి, నీరు గోడవెంట వీధిలోకి జారుట హైదరాబాదులో నిత్యదృశ్యం. ఆ నీరు ఎక్కడిదని ఆలోచించేవారు అరుదు. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలే ఒకప్పుడు నగరానికి ప్రధానాధారం. జనాభా పెరుగగా అవి చాలలేదు. మంజీర నీరూ చాలలేదు. 2004 నుండి నాగార్జునసాగర్ జలాశయపు కృష్ణాజలాలను నూరు కిలోమీటర్లకు పైగా గొట్టాలలో తెచ్చుకొంటున్నాము. ఆ జలాశయపు నిండు నీటిమట్టం 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. నగరమో, చాలవరకు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్నది. నీరు పల్లమెరుగునే గాని మెరక ఎక్కదు కదా! దశలవారీగా విద్యుత్ పంపులతో ఎత్తిపోయవలసిందే. కావున వీధిపాలైన ప్రతి బిందెతోనూ దానిని ఇంత ఎత్తుకు చేర్చిన విద్యుత్తు కూడ వృథా అవుతున్నది.

ఇళ్లలోని ఆర్‌.ఓ. యంత్రాల తీరు మరీ విచిత్రం. అవి సాధారణంగా ఇచ్చే మంచినీటికంటె విడిచిపెట్టే నీరే ఎక్కువ. అందులో లవణాలు అధికం, త్రాగుటకు పనికిరాదు. నేల తుడుచుటకు, మరుగుదొడ్డి కడుగుటకు మాత్రం నిక్షేపంగా పనికివస్తుంది. ఆ గొట్టం క్రింద ఒక బకెట్టు ఉంచితే చాలును.