దిద్దే చేయి, తెలిపే చేయి

తెలుగులో ‘దిద్దు’ అనే మాటకు రెండు ముఖాలున్నవి. అక్షరాభ్యాసంనాడు పళ్లెంలోని బియ్యం మీద శిశువు వ్రేలు పట్టి అక్షరాలు దిద్దించే చేయి ఒకటి. తప్పు కనబడగానే సరిచేయబోయే చేయి మరొకటి. 1910లో వెలువడిన గురజాడవారి ‘దిద్దుబాటు’ కథ పేరులో ఉన్నది ఈ రెండవ అర్థమే. మొదటి చేయి శిశువుతో కలిసి నడుస్తుంది, రెండవది ఎదురువస్తుంది. నృత్యమో, యోగాసనమో, వట్టి నడకయో నేర్పేవారికి ఈ భేదం చిన్నది కాదు.

గోదావరిఖని భూగర్భ గనుల పనివారికి ఈ మొదటి చేయి కొత్తది కాదు. కప్పు గట్టిగా ఉన్నదో లేదో తెలుసుకొనడానికి ఒక చేత కర్రతోనో గడ్డపారతోనో దానిని తట్టి, రెండవ అరచేతిని కప్పుకు ఆనించి ఉంచడం గనులలో పాత పద్ధతి. గట్టి రాయి కంగుమంటుంది. పొర విడిన రాయి డొల్లగా పలుకుతుంది; అరచేతికి అదురు తెలుస్తుంది. ఆధారాలు నిలపడం, రూఫ్ బోల్టులు బిగించడం తరువాతి మాట. కొత్త పనివానికి శిక్షణ తప్పనిసరి చేస్తూ 1966లో గనుల వృత్తిశిక్షణ నియమాలు వచ్చినవి. అయినా ఆ అదురు ఎట్టిదో వాని అరచేతికే తెలియాలి గాని నల్లబల్ల మీద వ్రాసి చూపగలిగేది కాదు.

రాతిని ఇట్లు తాకే తీరునే మనిషి దేహానికి అన్వయించినట్లు తోచే విద్య ఒకటి ఇజ్రాయెలులో రూపొందినది. దానిని రూపొందించిన మోషే ఫెల్డెన్‌క్రైస్ (1904–1984) ఇంజనీరింగు, భౌతికశాస్త్రం చదివినవాడు, జూడో నేర్చినవాడు. దెబ్బతిన్న తన మోకాలే ఆయనకు మొదటి పాఠ్యగ్రంథం. ఈ పద్ధతిలో శిష్యుడు బట్టలతోనే బల్ల మీద పడుకొంటాడు. గురువు వాని భుజానికి చేయి ఆనించి, అది సులువుగా ఎటు పోతే అటే తోడువెళ్లుతాడు. బిగువు తగిలినచోట ఆగుతాడు. ‘నీ భుజం వంకర’ అనడు. బలిమితో వెనక్కు లాగిన భుజం, చేయి తీయగానే ఎప్పటిచోటికే పోతుంది గదా! బిగించినది తానేనని తెలిసినవాడే దానిని వదలగలడు. ఆ తెలివి బరువైన చేతి క్రింద పుట్టదు. యంత్రాలు రాకముందు తట్ట నిండా బొగ్గు మోసిన ఫిల్లరుకు పైన మరొక గులకరాయి పడినా తెలిసేది కాదు. అదే రాయి ఖాళీ అరచేతిలో పడితే చటుక్కున తెలుస్తుంది.

అయితే వదులైన కప్పు క్రిందికి అడుగు వేయబోయేవానిని జబ్బ పట్టి ఈడ్వవలసిందే. అక్కడ అనుమతికి వ్యవధి లేదు. అభ్యాసశాలలో కప్పు కూలదు. అయినా కొందరు గురువులు అదే పట్టు పట్టుతారు.

తాకరాదనడమూ, అడగక తాకడమూ రెండూ అవమానాలైన దేశం మనది. అంటరానితనాన్ని 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసినది. ఆడపిల్లల తరగతిలో అడగని చేయి కలిగించే భయం వేరు. కనుక ‘ఇక్కడ చేయి ఆనించవచ్చునా?’ అని ముందుగా అడగాలి. ‘వద్దు’ అంటే మారు ప్రశ్న వేయరాదు. వద్దన్న శిష్యురాలిని తన అరచేతిని తన ప్రక్కటెముకల మీద తానే ఉంచుకొమ్మనవచ్చు. ఊపిరి ఎక్కడ ఆగుతున్నదో ఆ చేతికీ తెలుస్తుంది.