రేస్ ట్రాక్ కి వెళ్తున్నారా? ముందు తల సంగతి చూసుకోండి

మన వాళ్ళలో ఉద్యోగంలో కొంచెం స్థిరపడ్డాక గోల్ఫ్ మొదలుపెట్టేవాళ్ళు కొందరు, పెద్ద పెద్ద కెమెరాలు కొనేవాళ్ళు కొందరు. ఈ మధ్య మూడో రకం కూడా కనిపిస్తున్నారు. శనివారం తెల్లవారకుండానే సొంత కారు వేసుకుని రేస్ ట్రాక్ కి బయల్దేరేవాళ్ళు. ఇది పోటీ కాదు, కప్పులూ పతకాలూ ఉండవు. క్లబ్బు వాళ్ళు అద్దెకి తీసుకున్న సర్క్యూట్ మీద, పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ని కూర్చోబెట్టుకుని, ఎదురుగా లారీ వస్తుందన్న భయం లేకుండా కారు సత్తా ఏమిటో చూడటం, అంతే. నేనూ ఆ బాపతే. ఎం.ఎస్. చదివే రోజుల్లో అంటుకున్న పిచ్చి ఇది.

ప్రస్తుతం నేనుండేది యాంగోన్ లో, మన పెద్దవాళ్ళు "రంగం" అనేవారే, ఆ ఊళ్ళో. మా పేట పేరు సేక్కాన్. బర్మీస్ లో ఆ మాటకి రేవు అని అర్థం. ఒకప్పుడు కోరంగి, కాకినాడ, విశాఖపట్నాల నుంచి ఓడలెక్కి వచ్చిన మన కూలీలు బస్తాలు మోసింది ఈ ఊరి రేవులోనే. ఇక్కడ రేస్ ట్రాక్ మాట దేవుడెరుగు, 2003లో నగరంలో చాలా భాగం మోటార్ సైకిళ్ళనే నిషేధించారు. నా సరదా తీరాలంటే బ్యాంకాక్ విమానం ఎక్కి పట్టాయా దగ్గరున్న బీరా సర్క్యూట్ కి వెళ్ళాలి. నాలుగు రోజులు సెలవు దొరికితే బురీరామ్ కి. కారు అక్కడ అద్దెకి దొరుకుతుంది. హెల్మెట్ మాత్రం నా వెంటే వస్తుంది, అదీ చేతి సంచీలో. లగేజీలో వేసి విసిరేయించుకోవడానికి అదేమీ ఆవకాయ జాడీ కాదు. ఆ మాటకొస్తే జాడీని కూడా మనం జాగ్రత్తగానే కడతాం!

ఈ వ్యాసానికి కారణం డాలస్ లో ఉన్న మా బావగారు. కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నారు. "ఏమోయ్, నాలుగు పాయింట్ల రేసింగ్ బెల్టు ఆర్డర్ చేశాను. హెల్మెట్ పాత బైకుది ఉందిలే, దానికి దండగెందుకు?" అని ఫోన్ చేశారు. "బావగారూ, బెల్టు వెనక్కి పంపించేసి హెల్మెట్ కొనండి" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. కారణాలు ఫోన్ లో చెప్తే వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు హెల్మెట్. 1956లో కాలిఫోర్నియాలో పీట్ స్నెల్ అనే ఔత్సాహిక డ్రైవరు, అంటే మనలాంటివాడే, రేసులో కారు బోల్తాపడి చనిపోయాడు. తలకి హెల్మెట్ ఉంది, కానీ అది కాపాడలేకపోయింది. మరుసటి ఏడాది అతని మిత్రులు అతని పేరున ఫౌండేషన్ పెట్టి హెల్మెట్లని పరీక్షించడం మొదలుపెట్టారు. ఈనాటికీ ట్రాక్ దగ్గర తనిఖీ చేసేవాళ్ళు హెల్మెట్ లోపల వెతికేది ఆ స్నెల్ స్టిక్కరే. దాని మీద "ఎం" అని ఉంటే మోటార్ సైకిల్ ది, "ఎస్.ఏ." అని ఉంటే కారు రేసులది. తేడా పేరులోనే కాదు. ఎస్.ఏ. రకానికి మంట పరీక్ష ఉంటుంది, లోపలి గుడ్డ తేలిగ్గా అంటుకోకూడదు. కారు లోపలి ఇనప రాడ్లకి తల కొట్టుకుంటే ఎలా ఉంటుందో ఆ పరీక్ష కూడా ఉంటుంది. బైకు మీద నుంచి పడేవాడికి ఈ రెండు బెడదలూ లేవు కాబట్టి "ఎం" రకానికి ఆ పరీక్షలు పెట్టలేదు. మన ఐ.ఎస్.ఐ. ముద్ర కూడా ద్విచక్ర వాహనాల కోసమే.

ఇప్పుడు కొనేవాళ్ళు ఎస్.ఏ. 2020 గానీ, దాని తరవాత వచ్చిన ఎస్.ఏ. 2025 గానీ చూసుకోండి. ఎస్.ఏ. 2015 చౌకగా వస్తోందని తొందరపడకండి. తాజా ప్రమాణాన్నీ దాని ముందుదాన్నీ మాత్రమే ఒప్పుకునే క్లబ్బులు చాలా ఉన్నాయి. మూడు, నాలుగు వందల డాలర్లకే మంచి ఎస్.ఏ. హెల్మెట్ వస్తుంది. వెయ్యి దాటిన కార్బన్ ఫైబర్ రకాలు తేలికగా ఉంటాయి తప్ప, తలకి సరిపోకపోతే అవీ దండగే.

సరిపోవడం అంటే ఏమిటి? కనుబొమలకి అంగుళం పైన టేపుతో చుట్టుకొలత తీసుకోండి. అది మొదటి మెట్టు మాత్రమే, ఎందుకంటే కొందరిది గుండ్రటి తల, కొందరిది కోల తల, కంపెనీని బట్టి అచ్చు మారుతుంది. పెట్టుకుని పక్కకి తిప్పితే బుగ్గల చర్మం కూడా హెల్మెట్ తో పాటు కదలాలి. పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకి లాగితే ఊడి రాకూడదు. అలాగే అరగంట కూర్చోండి. నుదుటి మీద ఒకే చోట నొప్పి పుడితే అది మీ తలకి పనికిరాదు. మనలో కళ్ళజోళ్ళ వాళ్ళు ఎక్కువ కదా, జోడుతో సహా పెట్టి చూసుకోండి. కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు లోపల పల్చటి తలగుడ్డ వేసుకుంటే లైనింగ్ నాలుగు కాలాలు మన్నుతుంది.

ఇక బెల్టు సంగతి. తల, హెల్మెట్ కలిపి ఇంచుమించు 6 కిలోలు. గోడని గుద్దినప్పుడు 50 జి వేగ తగ్గుదల వచ్చిందనుకోండి, ఆ 6 కిలోలు 300 కిలోల బరువులా ముందుకి లాగుతాయి. కారుతో వచ్చిన మామూలు బెల్టు ఛాతీని కొంచెం ముందుకి పోనిస్తుంది, ఎయిర్ బ్యాగ్ అందుకుంటుంది. రేసింగ్ బెల్టు భుజాలని సీటుకి కట్టేస్తుంది. ఆపేవాళ్ళు లేక తల ఒక్కటే ముందుకి పోతుంది. అలా జరిగినప్పుడు పుర్రె అడుగు భాగం చిట్లే ప్రమాదం ఉంది. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో డేల్ ఎర్నార్డ్ ఆ గాయంతోనే చనిపోయాడు. ఏడుసార్లు ఛాంపియన్.

విచిత్రం ఏమిటంటే దీనికి విరుగుడు అప్పటికే ఉంది. 1981లో తమ మిత్రుడు ఒకరు ఇలాగే పోతే, జిమ్ డౌనింగ్ అనే రేసరూ, అతని బావమరిది, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్ కలిసి "హాన్స్" అనే మెడ పట్టీని తయారుచేశారు. భుజాల మీద బెల్టుల కింద కూర్చుంటుంది, రెండు తాళ్ళతో హెల్మెట్ ని పట్టి ఉంచుతుంది. చాలామంది డ్రైవర్లు ఇబ్బందిగా ఉందని పక్కన పెట్టారు. ఎర్నార్డ్ పోయాక, 2001 అక్టోబరులో నాస్కార్ మెడ పట్టీని తప్పనిసరి చేసింది, 2003లో ఫార్ములా వన్ హాన్స్ ని తప్పనిసరి చేసింది.

అయితే హాన్స్ కూడా కొనేస్తే సరిపోతుందా అంటే, లేదు. నాలుగు పాయింట్ల బెల్టులో భుజాల పట్టీలు నడుం పట్టీని పొట్ట మీదకి లాగుతాయి, మనిషి కింద నుంచి జారిపోతాడు. అందుకే కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ, దానికి కంతలున్న సీటు కావాలి. కారు బోల్తాపడి టాపు కుంగితే, నిటారుగా కట్టేసిన మనిషి పక్కకి వాలలేడు. కాబట్టి రోల్ బార్ కావాలి. ఆ రాడ్డు సోమవారం ఆఫీసుకి వెళ్ళేటప్పుడు హెల్మెట్ లేని తల వెనకే ఉంటుంది, అదొక కొత్త ముప్పు. ఇన్‌స్ట్రక్టర్ సీటుకీ ఇవన్నీ ఉండాలని అడిగే క్లబ్బులున్నాయి. కొంటే మొత్తం కొనాలి, లేదా కారుతో వచ్చిన బెల్టుతోనే ఉండాలి. మధ్యలో ఆగిపోవడం రెండిటికంటే ప్రమాదం. మెడ రక్షణ కావాలనుకుంటే, మామూలు బెల్టుతో పనిచేసే రకాలు కూడా ఉన్నాయి.

బట్టల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మొదటి ఏడాది పూర్తి చేతుల నూలు చొక్కా, నూలు ప్యాంటు, పల్చటి అడుగున్న బూట్లు చాలు. పాలియెస్టర్ టీ షర్టు మాత్రం వద్దు, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది. సూట్ కొనే రోజు వస్తే ఎస్.ఎఫ్.ఐ. అంకె చూడండి. 3.2ఎ/1 అంటే కాలిన గాయం కావడానికి సుమారు 3 సెకన్లు, 3.2ఎ/5 అంటే 10 సెకన్లు. గ్లోవ్స్ మాత్రం మంచివి కొనండి. 2020లో బహ్రెయిన్ లో రొమైన్ గ్రోజాన్ 28 సెకన్లు మంటల్లో ఉండి బతికి బయటపడ్డాడు, కాలింది చేతులు.

కారులో ఊడి వచ్చేదేదీ ఉంచకండి. కింద పరిచే మ్యాట్లు, నీళ్ళ సీసా, ఫోను, డాష్ బోర్డు మీద వినాయకుడు. స్వామిని కళ్ళకద్దుకుని సంచీలో పెట్టుకోండి, గట్టిగా బ్రేకు వేస్తే ఆయన కూడా ఆగరు.

హెల్మెట్ ని కారు డిక్కీలో వదిలేయవద్దు. ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలే, తడిగా సంచీలో పెడితే వారంలో బూజు పడుతుంది. నేను ఫ్యాను కింద రాత్రంతా ఆరబెడతాను. థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి, సబ్బు నీళ్ళు చాలు. 5 ఏళ్ళకి మార్చమని స్నెల్ వాళ్ళ సలహా. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలితే, పైకి గీత కనపడకపోయినా, లోపలి నురుగు నలిగిపోయినట్టే, వెంటనే మార్చాలి.