తెల్ల చొక్కా వెనక ఇంత కథా!

తెరమీద హీరో గాల్లోకి ఎగురుతాడు. కాలు విసురుతాడు. 'ఫట్'మని చప్పుడు! హాల్లో ఈలలే ఈలలు! 1973లో 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చింది మొదలు ప్రపంచమంతటా కుర్రకారుకి కరాటే, కుంగ్‌ఫూల పిచ్చి పట్టుకుంది. 1980ల్లో సుమన్, భానుచందర్ లాంటి కరాటే తెలిసిన హీరోలు రావడంతో మన తెలుగు తెరకీ ఆ వేడి తగిలింది. సరే, ఫైటింగులు చూశాం, చప్పట్లు కొట్టాం. మరి వాళ్లు తొడుక్కునే ఆ తెల్ల డ్రెస్సు సంగతేమిటి? అదెవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?

దీనికంతటికీ మూలపురుషుడు ఒక మాస్టారు! పేరు జిగోరో కానో. 1882లో టోక్యోలో 'కొడోకాన్' అనే జూడో బడి పెట్టాడు. జూడో అంటే పట్టుకుని పడెయ్యడమే కదా! మామూలు చొక్కా అయితే ఒక్క లాగుడికే పీలికలవుతుంది. అందుకే దళసరి నూలుతో, బియ్యపు గింజలు పేర్చినట్టుండే నేతతో కోటు కుట్టించారు. మొదట్లో చేతులూ లాగూ పొట్టిగా ఉండేవి. మోచేతులు, మోకాళ్లు గీసుకుపోతుంటే తర్వాత పొడుగు చేశారు. అంటే ఆ డ్రెస్సు అందం కోసం పుట్టింది కాదు, అవసరం కోసం పుట్టింది. ఒక్కసారి ఆ డ్రెస్సు వేసుకున్నాక జమీందారు బిడ్డ ఎవరో, కూలివాడి బిడ్డ ఎవరో చెప్పండి చూద్దాం! తేడా తెలిసేది నడుముకున్న బెల్టులోనే. అదీ డబ్బుతో వచ్చేది కాదు, చెమటతో వచ్చేది.

మరి కరాటే? అది ఒకినావా దీవుల విద్య. 1922లో గిచిన్ ఫునకోషి అనే మరో మాస్టారు దాన్ని టోక్యోలో ప్రదర్శించాడు. కానోగారు ముచ్చటపడి కొడోకాన్‌కి పిలిచాడు. జూడో డ్రెస్సునే పలచని బట్టతో కరాటేవాళ్లు తీసుకున్నారు. నల్ల బెల్టు పద్ధతి కూడా జూడో నుంచి వచ్చిందే. ఇక్కడ పట్టుకుని లాగే పని తక్కువ గనక బట్ట తేలిక. బిగువైన ఆ బట్ట గాలిని కోసినప్పుడే ఆ 'ఫట్'!

బెల్టు ఏళ్ల తరబడి ఉతక్కపోతే మురికి పట్టి నల్లబడుతుందనీ, అదే బ్లాక్ బెల్టనీ ఒక కథ చెబుతారు. వినడానికి బాగుంటుంది గానీ ఉత్తిదే! నల్లబెల్టు కానోగారు 1880ల్లో తెచ్చిన పద్ధతి. పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగుల వరుసని 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన కవైషి ప్రచారంలోకి తెచ్చాడు.

కొరియావాళ్ల టేక్వాండో డ్రెస్సు పేరు 'దోబోక్'. ముందు తెరుచుకునే కోటు కాదు, 'వి' ఆకారపు మెడతో తలమీంచి తొడుక్కునే చొక్కా. మెడ అంచు నల్లగా ఉంటే... జాగ్రత్త, బ్లాక్ బెల్టు! ఇక చైనా కుంగ్‌ఫూవాళ్లకి గుడ్డతో అల్లిన గుండీలు, గుడ్డ బూట్లు. మన కేరళ కలరిలో అయితే ఒంటికి నూనె, నడుముకి బిగించిన కచ్చ, అంతే!

ఇప్పుడు అసలు కొట్లాట వినండి. అది రింగులో జరిగింది కాదు, రంగు కోసం జరిగింది! హాలెండు వీరుడు ఆంటన్ హేసింక్ 1964 టోక్యో ఒలింపిక్సులో జపాను మల్లుణ్ణి సొంత గడ్డమీదే ఓడించి బంగారం పట్టుకుపోయాడు. అదే మనిషి 1986లో, ఇద్దరిలో ఒకరికి నీలం డ్రెస్సు వెయ్యండన్నాడు. ఇద్దరూ తెల్లబట్టల్లో కలబడితే టీవీలో ఎవరు ఎవరో తెలిసేదెలా అని అతని వాదన. తెలుపు పవిత్రం, ముట్టుకోవద్దు అంది జపాను. పదేళ్లు పైగా సాగిన ఈ రభస 1997లో నీలం గెలవడంతో తెమిలింది. 2000 సిడ్నీ ఒలింపిక్సులో నీలం దిగింది. అయినా జపాను జాతీయ జూడో ఛాంపియన్‌షిప్‌లో ఇవాళ్టికీ ఇద్దరికీ తెలుపే!

2012 లండన్‌లో ఇంకో పేచీ. సౌదీ అరేబియా నుంచి వచ్చిన పదహారేళ్ల వొజ్దాన్ షహెర్కానీ తలకి ముసుగు లేకుండా బరిలోకి దిగనంది. మెడకి చుట్టుకుంటే ప్రమాదమన్నారు పెద్దలు. చివరికి తలకి బిగుతుగా ఉండే టోపీతో రాజీ కుదిరింది. ఆమె పోటీ 82 సెకన్లలో ఓటమితో ముగిసింది. అయితేనేం, ఒలింపిక్ జూడో బరిలోకి దిగిన మొదటి సౌదీ మహిళ ఆమే!

ఈ డ్రెస్సులన్నిటినీ పక్కన పెట్టిన మొనగాడు ఒక్కడే, మన బ్రూస్‌లీ! 'గేమ్ ఆఫ్ డెత్' కోసం నల్ల చారల పసుపు సూటు వేశాడు. ఏ బడికీ చెందనివాడికి ఏ బడి డ్రెస్సు మాత్రం ఎందుకు! ఆ సినిమా 1978లో వచ్చేనాటికి అతను లేడు. 2003లో 'కిల్ బిల్'లో ఉమా థుర్మన్ ఆ పసుపునే మళ్లీ తొడిగింది.

చివరగా ఒక చిట్కా. ఈసారి తెరమీద కరాటే హీరో కనిపిస్తే అతని కోటు మడత చూడండి. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వచ్చిందా... జపాను ఆచారంలో అలా తొడిగేది శవానికి! అంటే ఫైటింగు మొదలవకుండానే మన హీరోగారు పైకి పోయినట్టు లెక్క!