టైటస్ కాన్యన్: సిగ్నల్ లేని దారిలో బండి నడపాలంటే

ఈ ఎపిసోడ్‌లో కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీకి వెళ్దాం. వేగస్ ట్రిప్‌కి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది ఇది కూడా చూసొస్తారు కాబట్టి, కొంచెం జాగ్రత్తగా వినండి.

నెవాడాలో బీటీ అనే చిన్న ఊరి దగ్గర ఒక మట్టి రోడ్డు మొదలవుతుంది. పొడవు దాదాపు 43 కిలోమీటర్లు, ఎక్కువ భాగం వన్‌వే. అంటే మధ్యలో భయమేసినా వెనక్కి తిప్పుకోవడం కుదరదు. 1,600 మీటర్ల ఎత్తున్న రెడ్ పాస్ దాటి కిందికి దిగితే టైటస్ కాన్యన్. అక్కడ రెండు పక్కలా రాతి గోడలు, మధ్యలో దారి ఒకచోట 20 అడుగులే.

అసలు ఇక్కడ రోడ్డెందుకు వేశారు? 1926లో సీసం గనుల పేరుతో సి.సి. జూలియన్ అనే ప్రమోటర్ జోరుగా ప్రచారం చేశాడు. లెడ్‌ఫీల్డ్ అనే ఊరు పుట్టింది. ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు, 1927 జనవరిలో మూసేశారు. అంతే, ఊరు ఖాళీ! ఇప్పుడు మిగిలినవి రేకుల షెడ్లు, గని సొరంగాలు.

రీల్ కోసం ఆ సొరంగాల్లోకి మాత్రం వెళ్ళకండి. పాత దుంగలు పుచ్చిపోయి ఉంటాయి. చీకట్లో నిలువు గొయ్యి కనపడదు. గాల్లో ఆక్సిజన్ తక్కువుంటే, మీకు తెలిసేలోపే స్పృహ తప్పుతుంది.

ఇంకో ప్రమాదం వాన. ఎక్కడో కొండమీద కురిసినా, నేల పీల్చుకోదు కాబట్టి నీళ్ళన్నీ ఈ ఇరుకు సందులోకే దూకుతాయి. మబ్బు పట్టిందంటే వెళ్ళొద్దు. 2023 ఆగస్టు వరదలకు డెత్ వ్యాలీ పార్కు మొత్తం రెండు నెలలు మూతపడింది. అందుకే రోడ్డు తెరిచి ఉందో లేదో పార్కు వెబ్‌సైట్‌లో చూశాకే బయల్దేరండి.

ఇక ఫోన్. సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కానీ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే స్క్రీన్ మీద ఖాళీయే. పైగా, మ్యాప్‌లో గీత ఉన్నంత మాత్రాన అక్కడ బండి వెళ్ళే దారి ఉన్నట్టు కాదు.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎక్కువున్న బండి, ఫుల్ సైజు స్టెప్నీ, మనిషికి రోజుకి నాలుగు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవొద్దు. వెతికేవాళ్ళకి మనిషి కంటే బండే ముందు కనపడుతుంది, దాని నీడా మీకు దక్కుతుంది.

ట్రిప్ ప్లాన్ చేస్తున్న ఫ్రెండ్‌కి ఇది పంపండి. మళ్ళీ కలుద్దాం!